అప్పలస్వామి తాత చూడని చివరి రీలు

నేను రిటైరయ్యాను. నా వయసు చూసి ఈ మాట ఎవరూ నమ్మరు, మా అమ్మతో సహా. కానీ సినిమా హాలు ఆపరేటరుకి రిటైర్మెంటు వయసుని బట్టి రాదు, హాలుని బట్టి వస్తుంది. టాటానగర్‌లో బర్మామైన్స్ పక్కన మా హాలు మూతపడింది, నేను కేబిన్ దిగాను. ఇప్పుడు నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కంపెనీలో, బేరింగు రింగుల మీద గీతలు పట్టే కెమెరాలు చూసుకుంటున్నాను. జీతం నయం. ఈలలు వేసేవాళ్ళు మాత్రం లేరు.

మా పాలిటెక్నిక్ జూనియర్లు కొందరు మల్టీప్లెక్సుల్లో ప్రొజెక్షన్ పనికి చేరుతున్నారు. కనబడినప్పుడల్లా "భయ్యా, అసలు కామ్ క్యా హై?" అని, అసలు పనేమిటని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎలా చేరాను, ఎంత పెరిగింది, ఏ సర్టిఫికెట్లు కావాలి, ఈ మూడూ రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పని ఏమిటో చెప్పడానికి నాకు ఒక్క సినిమా చాలు. అది మా హాల్లో ఆడిన ఆఖరి సినిమా కూడా.

తలలు చూడమన్న బాసు

మా హెడ్ ఆపరేటరు జోసెఫ్ గారు. కాకినాడ వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రీళ్ళ కాలం నుంచి కంప్యూటరు కాలం దాకా ఒకే కేబిన్‌లో పనిచేశారు. మనిషి గురించి నిజం చెప్పాలంటే కోపిష్టి, చాదస్తుడు. సినిమా ఫైలు దాచుకునే సర్వర్ మీద దుమ్ము పడిందని ఒకరోజు తడిగుడ్డతో ఆప్యాయంగా తుడిచారు. ఆరోజు మ్యాట్నీ పోయింది, ఫస్టు షో కూడా పోయింది. "దేవుడి పటం కూడా ఇలాగే తుడుస్తానోయ్, ఎప్పుడూ పాడవలేదు" అని నా మీదే అరిచారు.

కానీ ఆయన చెప్పిన ఒక మాటకి ఆ రెండు షోలూ చెల్లు. చేరిన వారంలో నేను కేబిన్ కిటికీలోంచి సినిమా చూస్తుంటే భుజం మీద చెయ్యి వేశారు.

"ఏవోయ్ ఇంజినీరూ, ఏం చూస్తున్నావ్?"

"బొమ్మ, సార్. ఫోకస్ సరిగ్గా ఉందా లేదా అని."

"ఫోకస్ ఒక్కసారి చూస్తే చాలు. తర్వాత కింద తలలు చూడు. తలలు కదిలితే ఎక్కడో తప్పుంది. మనదైనా కావచ్చు, డైరెక్టరుదైనా కావచ్చు. మనది కాదని తేల్చుకుని కూర్చో."

నా ఉద్యోగం మొత్తం ఆ నాలుగు ముక్కల్లో ఉంది. మిగిలినవి యంత్రం వెంట వచ్చే పుస్తకంలో ఉంటాయి.

లోకో షెడ్డు నుంచి కబురు

బర్మామైన్స్ తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది టాటానగర్ రైల్వేలో పనిచేసినవాళ్ళు. రైలింజను నడిపేవాళ్ళకి డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలియని రోజులవి. షెడ్డు నుంచి కబురు పట్టుకుని మనిషి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో లేకపోతే నేరుగా మా హాలుకే. జోసెఫ్ గారు గాజు పలక మీద ఆ పేరు రాసి తెర మీద వేసేవారు. "ఫైర్‌మన్ ఫలానా, లోకో షెడ్డుకు రావాలి." హీరోయిన్ మొహం మీదే ఆ అక్షరాలు పడేవి. పేరు పడ్డవాడు తిట్టుకుంటూ లేచి వెళ్ళేవాడు. వాళ్ళ కోసం నడవా పక్క సీట్లు వదిలిపెట్టడం హాలు ఆనవాయితీ.

అప్పలస్వామి తాత ఆ రోజుల్లో ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్, తర్వాత డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో భార్య సత్తెమ్మతో కలిసి 'పై గదిలో దీపం' అనే నలుపు తెలుపు క్రైమ్ సినిమాకి వచ్చాడు. హంతకుడు ఎవరో తేలే ముందు తెర మీద ఆయన పేరు పడింది. సత్తెమ్మ మామ్మ కూర్చుని చివరిదాకా చూసింది. ఆయన బండి దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"ఎవుడే సంపింది?"

"సెప్పను. కొత్త పెళ్ళాన్ని హాల్లో ఒగ్గీసి ఎల్లిపోనావు కదా. నువ్వే ఎల్లి సూసుకో."

ఆయన మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కబురొచ్చింది. పంతం కొద్దీ మూడోసారి వెళ్ళాడు. అదే వరస. తర్వాత సినిమా మారిపోయింది, ప్రింటు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అలకతో మొదలైన ఆట కాలనీ ఆట అయింది. హంతకుడు ఎవరో ఆయనకి చెప్పకూడదని తెలుగు ఇళ్ళన్నిటికీ తెలుసు. మా నాన్నకి తెలుసు. ఆ సినిమా చూడని నాకూ చిన్నప్పుడే తెలుసు, చెప్పకూడదన్న సంగతి మాత్రం.

చెప్పమని తాత కూడా మళ్ళీ అడగలేదు. తన లెక్క తనకుంది. సినిమాలోని కాంపౌండరే చంపాడు. ఆ మొహం చూస్తేనే తెలుస్తుందిట. రైల్వే ఆస్పత్రిలో ఏ కాంపౌండరు సూది గుచ్చినా ఆయన అనుమానంగానే చూసేవాడు.

తెర నింపడం

హాలు మూసేస్తారని తేలాక, ఆఖరి ఆదివారం మార్నింగ్ షోకి తెలుగువాళ్ళ కోసం ఒక పాత సినిమా వేద్దామని యజమాని ఒప్పుకున్నాడు. మద్రాసులో ఎవరో పాత ప్రింట్లు శుభ్రం చేసి కంప్యూటరు కాపీలు తీస్తున్నారని జోసెఫ్ గారికి తెలిసింది. ఫోన్లు చేసి చేసి 'పై గదిలో దీపం' తెప్పించారు.

కబురు తెలిసిన సాయంత్రమే తాత హాలు గేటు దగ్గరికి వచ్చాడు. కర్ర ఉంది, తెల్ల చొక్కా, జేబులో పెన్ను.

"ఒరే బాబూ, సివరి దాకా ఉందా కాపీ? మద్దిలో తెగిపోతాదా?"

"పూరా ఉంది తాతా."

"నువ్వు సూసావా?"

"ఇంకా లేదు. రేపు టెస్టింగు."

"సూసినా నాకు సెప్పకు. నీ మొహంలో కూడా సూపించకు."

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి, కొత్తవాళ్ళు తప్పకుండా చేసేది ఇదే. పాత సినిమాల బొమ్మ దాదాపు చతురస్రం. మన తెర వెడల్పు. బొమ్మని ఉన్నది ఉన్నట్టు వేస్తే రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగులుతుంది. తెర నిండలేదని జనం గొడవ చేస్తారని యజమాని భయం. నేను లెన్సు తిప్పి, బొమ్మ పెద్దది చేసి తెర అంచులదాకా నింపాను. పైనా కిందా కొంత బొమ్మ తెర దాటి పోయింది. పెద్ద పనిచేశానని మురిసిపోయాను.

అలాగే మొత్తం సినిమా చూశాను. చివరికి హంతకుడు దొరికాడు, కానీ ఎలా దొరికాడో నాకు అంతుపట్టలేదు. జోసెఫ్ గారిని అడిగాను. ఆయన తెర వంక చూసి నుదురు కొట్టుకున్నారు.

"కాళ్ళేవోయ్?"

"ఎవరి కాళ్ళు సార్?"

"అందరివీ! కాళ్ళు కోసేసి క్రైమ్ సినిమా చూపిస్తావా? ముందు ఆ లెన్సు వెనక్కి తిప్పు."

తిప్పాను. పక్కల నల్లటి ఖాళీ వచ్చింది, కింద కాళ్ళు వచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి చూశాను. నా జీవితంలో నిజంగా సినిమా చూడటం అదే మొదటిసారి.

రెండోసారి చూస్తే కనబడేవి

కథ చిన్నది. రేవు పట్నంలో ఒక పాత మేడ. పై గదిలో యజమాని. కింద అద్దెకుండేవాళ్ళు నలుగురు, కాంపౌండరు, టైపిస్టు, సంగీతం మేష్టారు, వంటావిడ. ఒక ఉదయం యజమాని చచ్చి పడి ఉంటాడు. చెక్కమెట్ల మొదట్లో పడుకునే వంటావిడ, రాత్రి ఎవరూ పైకి వెళ్ళలేదని ఒట్టేస్తుంది. మూడో మెట్టు కిర్రుమంటుంది, అది వినబడితే తనకి మెలకువ వస్తుంది. వినబడలేదు.

మొదటిసారి చూసేవాడు మొహాలు చూస్తాడు. డైరెక్టరు కూడా మొహాలే చూడమన్నట్టు కాంపౌండరుకి గుచ్చే కళ్ళు, టైపిస్టుకి వణికే చేతులు ఇచ్చాడు. రెండోసారి చూసేవాడికే అసలు సినిమా కనబడుతుంది. నేను గుర్తుపట్టినవి కొన్ని:

మెట్లు వచ్చిన ప్రతి సీనులో కెమెరా చీలమండల ఎత్తులో ఉంటుంది. ఎందుకో చెప్పదు, కదలదు. మెట్ల మీద ఎవరున్నా వెనక సంగీతం ఉండదు. కాబట్టి కిర్రు ఒక్కటే శబ్దం. కాంపౌండరు ఎక్కితే సన్నటి కిర్రు, వంటావిడ ఎక్కితే బరువైన కిర్రు. మేష్టారు మాత్రం మొదటి రీలు నుంచే పంచె అంచు ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని, రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టు మీదికి అడుగు వేస్తాడు. ఆయన వేకువనే మేడ మీద సాధన చేసుకుంటాడు. పడుకున్నవాళ్ళకి నిద్రాభంగం కాకూడదని ఆ అలవాటు. ఎంత మర్యాదస్తుడో! ఆ మర్యాదే ఆయన్ని పట్టిస్తుంది.

ఇవన్నీ తెర మీద బాహాటంగా ఉన్నాయి. దాచింది ఏదీ లేదు, మనం చూడం, అంతే. ఇప్పటి క్రైమ్ సినిమాల్లో సూది దొరికితే సూదిని తెరంతా నింపి, ఢామ్మని సంగీతం వేసి, పక్కన ఇంకొకడి చేత "సూది!" అనిపిస్తారు. ఈ డైరెక్టరు ప్రేక్షకుడి తెలివిని నమ్మాడు. ఆ నమ్మకాన్నే నేను స్టైల్ అంటాను. నీడలూ టోపీలూ సిగరెట్టు పొగా తర్వాతి సంగతి.

అక్కడిదాకా హాయిగా ఉంది. చివరి రీలు మొదలయ్యేసరికి మొదటిసారిలాగే స్పీకర్లు మూగబోయాయి, అప్పుడది డైరెక్టరు ఎత్తు అనుకున్నాను.

శబ్దం లేని చివరి రీలు

కేబుళ్ళు చూశాను, ఆంప్లిఫయరు చూశాను. తప్పు మాది కాదు. ప్రింటు అంచున శబ్దాన్ని మోసే గీత ఆ రీలులో అరిగిపోయింది, కాపీలోకే రాలేదు. మద్రాసు వాళ్ళని అడిగితే దొరికిన ప్రింటు అదొక్కటే అన్నారు.

ఆ రీలులో మాటలు ఎక్కువ లేవు. ఇన్‌స్పెక్టరు దీపాలు ఆర్పించి మెట్ల కింద కూర్చుంటాడు. ఒక్కొక్కరినీ పై గదికి రమ్మంటాడు. సందులోంచి పడే వెలుతురులో కాళ్ళు మాత్రమే కనబడతాయి. కిర్రు, కిర్రు, కిర్రు. నాలుగోసారి ఏమీ వినబడదు. అదీ క్లైమాక్స్. హాలంతా ముందే నిశ్శబ్దంగా ఉంటే ఆ నాలుగో నిశ్శబ్దానికి విలువేముంది? ఇన్నేళ్ళు ఆగిన మనిషికి అసలు ముక్క అందకుండా పోతుంది.

కాపీ తాళం వేసి వస్తుంది, లోపల ఏమీ మార్చలేం. అందుకని మొదటి రీళ్ళ నుంచి మూడు కిర్రులు రికార్డు చేసుకున్నాను. ఏ కాలికి ఆ కిర్రు విడివిడిగా లాప్‌టాప్‌లో పెట్టి, వైరు వేరుగా స్పీకర్లకి కలిపాను. కాలు మెట్టు మీద పడగానే నేను మీట నొక్కాలి. అర క్షణం తేడా వస్తే నవ్వులపాలు.

"గురి తప్పితేనో?" అన్నారు జోసెఫ్ గారు.

"తప్పదు సార్."

"ఇప్పుడే రెండుసార్లు తప్పావు కదోయ్."

ఆఖరి మార్నింగ్ షో

ఆదివారం హాలు నిండింది. ఊరి అవతలి పక్క బారిడీహ్ నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. తాత నడవా పక్క సీట్లో కూర్చోబోతుంటే మామ్మ రెక్క పట్టుకుని లోపలికి తోసింది.

"ఆ సీటు మనకి అచ్చిరాదు. లోనికి జరుగు."

సినిమా మొదలైంది. కాంపౌండరు మొదటిసారి మెట్లెక్కాడు. మూడో మెట్టు కిర్రుమంది. దాంతో పాటు కింద నుంచి వందల గొంతులు, "కిర్ర్ర్!" నేను ఉలిక్కిపడి శబ్దం తగ్గించే ఫేడరు మీద చెయ్యి వేశాను, స్పీకరు పగిలిందనుకున్నాను.

జోసెఫ్ గారు పడి పడి నవ్వారు. "అది మనవాళ్ళ అలవాటోయ్. అప్పట్లో మన స్పీకర్లకి గరగర ఎక్కువ, ఆ కిర్రు వినబడేది కాదు. రెండో వారం నుంచి జనమే నోటితో వేసేవాళ్ళు. మర్చిపోయారనుకున్నాను."

వంటావిడ ఎక్కితే లావుపాటి కిర్రు, టైపిస్టు ఎక్కితే బెదురు కిర్రు. తాత గొంతు అందరికంటే పెద్దది. మేష్టారు ఎక్కినప్పుడు హాలు మామూలుగా ఊరుకుంది. తెలిసినవాళ్ళందరూ ఊరుకున్నారు, తెలియని తాత కూడా ఊరుకున్నాడు, శబ్దం రాలేదు కాబట్టి. ఆయన మూడుసార్లు ఇక్కడే కూర్చుని ఇదే విన్నాడు. హాలు మొత్తం ఆయనకి హంతకుడి పేరు చెబుతూనే ఉంది.

ఇంటర్వెల్‌లో జోసెఫ్ గారు అటక మీద నుంచి పాత స్లైడు యంత్రం దింపించారు. గాజు పలక మీద తెల్ల అక్షరాలు తెర మీద పడ్డాయి. "డ్రైవరు అప్పలస్వామి గారికి ఈరోజు డ్యూటీ లేదు. కదలకుండా కూర్చోవలెను." హాలు హోరెత్తింది. తాత లేచి నిలబడి కేబిన్ వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు.

చివరి రీలు వచ్చింది. స్పీకర్లు ఆగిపోయాయి. నా వేలు మీట మీద ఉంది. టైపిస్టు కాలు మూడో మెట్టు మీద పడింది. నేను నొక్కబోయేలోపే హాలు అంది, "కిర్ర్ర్!" సరిగ్గా కాలు ఆనిన క్షణానికి. వంటావిడ కాలు. "కిర్ర్ర్!" నేను మీట మీద నుంచి వేలు తీసేశాను. జోసెఫ్ గారు కిటికీలోంచి కిందికి చూపించారు. తలలు. ఒక్కటీ కదలడం లేదు.

కాంపౌండరు కాళ్ళు వచ్చాయి. తాత ముందుకి వంగాడు. ఒకటో మెట్టు, రెండో మెట్టు.

"కిర్ర్ర్!" అంది హాలు.

"అదేటి!" అన్నాడు తాత గట్టిగా. "ఆడు కాదా?"

ఎవరూ నవ్వలేదు. తెర మీద పంచె అంచు కనబడింది, ఎడమచెయ్యి దాన్ని కాస్త ఎత్తింది. ఒకటో మెట్టు. రెండో మెట్టు. కాలు గాలిలో లేచి, మూడో మెట్టు దాటి, నాలుగో మెట్టు మీద ఆనింది. పిల్లా పెద్దా ఎవరూ నోరు విప్పలేదు. అంత నిండిన హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు నాకు కేబిన్ దాకా వినబడింది.

ఇన్‌స్పెక్టరు లేచాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు మామ్మ అంది, పెద్దగా కాదు, కానీ అందరికీ వినబడేలా:

"మేష్టారూ, ఒక మెట్టు మర్సిపోనారు."

తాత తెర వంక చూశాడు, భార్య వంక చూశాడు. తర్వాత ఆయన నవ్వు మొదలైంది. భుజాలు ఊగిపోయాయి, కర్ర జారి కింద పడింది.

"ఒలే సత్తీ, ఇన్నేళ్ళు కడుపులో ఎలా దాసుకున్నావే?"

"కాంపౌండరు కాంపౌండరని నువ్వు ఊరంతా సాటుతుంటే నవ్వాపుకోడమే పెద్ద డ్యూటీ అయిపోనాది. నీ ఇంజను డ్యూటీ ఏ మూలకి?"

"మొదట్నించీ అలగే ఎక్కాడా ఆ మేష్టారు? దాటుకునే?"

"మొదటి రీలు నించీ. నువ్వు సూసినావు, మూడుసార్లు."

తాత సీట్లోంచి లేచాడు. సినిమా అయిపోయిందని దీపాలు వేశాను, కానీ ఆయన గుమ్మం వైపు వెళ్ళలేదు. కేబిన్ వైపు తల ఎత్తి, ఇంజను మీద నుంచి గార్డుని పిలిచే గొంతుతో అరిచాడు.

"ఒరే బాబూ! మళ్ళీ ఎయ్యి! మొదట్నించి! ఆడి కాళ్ళు సూడాల!"

కేబిన్ దిగి

మ్యాట్నీకి వేరే సినిమా లేదు, హాలుకి ఇక రేపు కూడా లేదు. యజమాని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జోసెఫ్ గారు ఆయన వంక చూశారు. ఆయన చెయ్యి ఊపి, వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. జనంలో కొందరు అన్నానికి వెళ్ళారు, ఎక్కువమంది ఉండిపోయారు.

నేను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. లెన్సు ఒకసారి, ఫోకస్ ఒకసారి చూశాను. కాళ్ళు ఉన్నాయి. "నువ్వు కిందికెళ్ళవోయ్, నేనుంటా" అన్నారు జోసెఫ్ గారు. "తడిగుడ్డ ముట్టను, ఒట్టు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో షో నడుస్తుండగా కింద కూర్చోవడం నాకు అదే మొదలు. కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీ హాళ్ళలో కేబిన్‌కి మనిషే ఉండక్కర్లేదంటున్నారు, బటన్ ఒకచోట నొక్కితే పది తెరల మీద పడుతుందిట. అయినా వారానికి ఒక్కసారి కిందికి దిగి, జనం మధ్య కూర్చోండి. యంత్రం ఏం చేస్తోందో అక్కడే తెలుస్తుంది.

నడవా పక్క సీటు ఖాళీగా ఉంది, అందులో కూర్చున్నాను. లోపల మామ్మ, ఆ పక్కన తాత. తెర మీద సంగీతం మేష్టారు మొదటిసారి మెట్ల దగ్గరికి వచ్చాడు, పంచె అంచు ఎత్తాడు. తాత నా మోచెయ్యి పట్టుకోవడానికి మామ్మ మీదుగా చెయ్యి చాపాడు. ఒకటో మెట్టు. రెండో మెట్టు.

హాలు ఊరుకుంది. ఈసారి అప్పలస్వామి తాత తెలిసే ఊరుకున్నాడు.